అనంతపురం సీమ పెరటితోటలో వసంత గ్రీష్మ పుష్పాలు – ఒక పరిశీలన

కావ్యపాఠం చెప్పే ఉపాధ్యాయులకు పుష్పనామాలతో నిత్యమూ పని పడుతుంది. ఋతువర్ణన వచ్చినప్పుడు పాటలం, శిరీషం, కర్ణికారం, నవమాలిక, అతిముక్తం వరుసగా ఎదురవుతాయి. నిఘంటువు విప్పితే చాలాచోట్ల 'పుష్పవిశేషము', 'వృక్షవిశేషము' అన్న అర్థమే కనిపిస్తుంది. తరగతిలోనూ ఆ అర్థమే చెప్పి ముందుకు సాగడం పరిపాటి అయింది. అన్వయం కుదురుతుంది, అలంకారం తెలుస్తుంది, ఛందస్సు సరిపోతుంది. పువ్వు మాత్రం కనిపించదు. అది ఏ మాసంలో పూస్తుంది, ఏ వేళ విచ్చుకొంటుంది, వాసన గలదా లేనిదా అన్న సంగతులు తెలియనప్పుడు కవి ఆ పదాన్నే ఎందుకు ఎన్నుకొన్నాడో బోధపడదు. ఈ కొరత తీరడానికి గొప్ప ఉద్యానవనాలు అక్కరలేదనీ, నీటికి కటకటపడే అనంతపురం సీమలోని చిన్న పెరడు చాలుననీ చూపడం ఈ వ్యాసపు ఉద్దేశం. ఆ పెరడు నిలవడానికి ఆధారమేమిటో చెప్పడం కూడా ఇందులో భాగమే.

సీమలో వసంతం

ఇక్కడ అనంతపురం సీమ అంటే 2022 ఏప్రిల్ 4కు పూర్వమున్న అనంతపురం జిల్లా. ఆ దినాన శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది గనుక కదిరి, పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ఇప్పుడు ఆ జిల్లాలో ఉన్నాయి. నేల, వాన, వాడుక ఒక్కటే కావడం వల్ల ఈ వ్యాసంలో రెండు జిల్లాలనూ కలిపి చూడడమైనది.

పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉండడం చేత నైరుతి ఋతుపవనం ఈ సీమకు బలహీనపడి చేరుతుంది. తూర్పుతీరానికి దూరం గనుక ఈశాన్య ఋతుపవనం వల్ల కలిగే లాభమూ కొద్దే. సాలీనా సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో అధికభాగం జూన్ మొదలు అక్టోబరు లోపల, విశేషించి సెప్టెంబరు ప్రాంతంలో కురుస్తుంది. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో చినుకు అరుదు. అంటే చైత్రం వచ్చేనాటికి నేల నాలుగు నెలలుగా ఎండి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు.

ఉత్తరదేశపు వసంతం చలి తొలగడం వల్ల వచ్చేది. మంచు విడుస్తుంది, గాలి వెచ్చబడుతుంది, చెట్టు మేల్కొంటుంది. అనంతపురం సీమలో తొలగవలసిన చలి అంతగా లేదు. ఇక్కడి వసంతానికి మూలం ఆకురాలు. నేలపైభాగం ఎండిపోయినప్పుడు చెట్టు ఆకు రాలుస్తుంది. ఆకుల ద్వారా ఆవిరైపోయే నీరు దానితో ఆగుతుంది. లోతువేళ్లు అందుకొన్న కొద్ది తేమ కాండంలో, కొమ్మల్లో నిలుస్తుంది. ఆ నిలిచిన తేమతో మొగ్గలు విచ్చుకొంటాయి. ఆకులు అడ్డులేవు గనుక పువ్వు దూరానికి కనిపించి పక్షులనూ కీటకాలనూ పిలుస్తుంది. కాయ పండి విత్తనం రాలేనాటికి తొలకరి దగ్గరపడుతుంది. కాబట్టి ఎండిన నేలమీద పూలు పూయడం ప్రకృతి తప్పిన వింత కాదు, మెట్టచెట్లకు అది జీవనక్రమం.

మోదుగ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆకులేని కొమ్మలనిండా వంకరముక్కు వంటి ఎఱ్ఱని పూలతో ఫాల్గుణంలో కొండవాలుల మీద కనిపిస్తుంది. 'ఇది చిలుకయా?' అన్న ప్రశ్నే కింశుక శబ్దానికి వ్యుత్పత్తిగా చెప్పబడుతున్నది. ఆ పువ్వు ముక్కును చేతపట్టి చూపిన తర్వాత ఆ వ్యుత్పత్తికి వేరే వివరణ అవసరముండదు. ఊళ్లలో వేప, కానుగ, రేల, దిరిసెన ఇదే క్రమంలో వస్తాయి. వేప చైత్రారంభానికి పూతమీద ఉంటుంది. కానుగ పాత ఆకు రాల్చి నిగనిగలాడే కొత్త ఆకు తొడిగి, ఆ వెంటనే నీడలో లేత ఊదారంగు పూలు పరుస్తుంది. అమరుడు నక్తమాలం, కరంజకం అన్న పేర్లతో చెప్పినది ఈ కానుగనే. వైశాఖంలో రేల బంగారు గొలుసుల వలె వేలాడుతుంది. దిరిసెన కుచ్చుపూలు సాయంకాలం పరిమళిస్తాయి.

ఉగాది పచ్చడి చెప్పే సాక్ష్యం

కావ్యవసంతానికీ సీమ వసంతానికీ గల భేదం తెలియడానికి ఉగాది పచ్చడి మంచి ఆధారం. కావ్యాల్లో చూతాంకురం, చూతమంజరి వసంతాగమనానికి గురుతులు. మన్మథుని బాణాల్లో మావిపూత ఒకటి. ఉగాది పచ్చడిలో మామిడి పువ్వు వేయరు, కాయ వేస్తారు. పువ్వుగా వేసేది వేప. దక్షిణదేశంలో చలి స్వల్పం గనుక మామిడి పుష్యమాఘాల్లోనే పూతకు వస్తుంది. చైత్ర శుద్ధ పాడ్యమి నాటికి పులుపెక్కిన పిందె, కాయ సిద్ధమవుతాయి. ఉత్తరాదిన మామిడిపూత ఇంతకంటె ఆలస్యం. అందువల్ల సంస్కృతకావ్యంలో మామిడిపూత వసంతలక్షణంగా నిలిచింది, తెలుగింటి పచ్చడిలో మామిడికాయ వసంతలక్షణంగా నిలిచింది. రెండూ సత్యమే. రెండు దేశాల సత్యాలు అవి. ఈ భేదం చెప్పకుండా చూతమంజరిని వర్ణిస్తే, పెరట్లో అప్పటికే కాయలు చూస్తున్న విద్యార్థికి కవి మాటమీద అనుమానం కలుగుతుంది, లేదా కావ్యానికీ లోకానికీ సంబంధం లేదన్న అభిప్రాయం ఏర్పడుతుంది. రెండవది మరింత హానికరం.

శాస్త్రోక్త గృహోద్యానం

ఇంటి ఆవరణలో పూలమొక్కలు పెంచడం ఆధునిక నాగరకత తెచ్చిన అలవాటు కాదు. వాత్స్యాయనుడు కామసూత్రంలోని భార్యాధికరణంలో గృహిణి నిర్వహించవలసిన పనుల నడుమ వృక్షవాటికను చెప్పాడు. మల్లిక, జాతి, నవమాలిక, కురంటకం, తగరం, నంద్యావర్తం, జపాకుసుమం మొదలైన విరివిగా పూచే పొదలను అక్కడ నాటించాలన్నాడు. వట్టివేరును కూడా పేర్కొన్నాడు. కూర్చోవడానికి అరుగులు ఉండాలన్నాడు. నడుమ బావినో దిగుడుబావినో తవ్వించాలన్నాడు.

ఈ పట్టికను అనంతపురం సీమలోని ఏ పాత ఇంటి పెరటితోనైనా పోల్చి చూడవచ్చు. మల్లె ఉంది, జాజి ఉంది, నందివర్ధనం ఉంది, మందారం ఉంది. గన్నేరు, కనకాంబరం, తులసి, మరువం తోడైనాయి. శతాబ్దాలు గడచినా పట్టికలో సగం నేటికీ నిలిచి ఉండడం విశేషం. లేనిది నడుమ ఉండవలసిన బావి. చేదబావులు ఉన్న ఇళ్లలో సైతం గొట్టపుబావుల వాడకం పెరిగిన కొద్దీ అవి ఎండి, పూడిపోయాయి. శాస్త్రకారుడు జలాశయాన్ని కేంద్రంగా పెట్టి తోటను చుట్టూ అమర్చాడు. సీమలోని ఇల్లాలు ఆ కేంద్రం లేకుండానే తోటను నిలిపింది. ఎలా నిలిపిందన్నది తరువాత చూస్తాము.

వరాహమిహిరుని బృహత్సంహితలో వృక్షాయుర్వేదాధ్యాయం మరొక ముఖ్యమైన ఆధారం. అరిష్టం, అశోకం, పున్నాగం, శిరీషం, ప్రియంగువు మంగళకరాలనీ, తోటల్లోగాని ఇళ్లవద్దగాని మొదట వీటిని నాటాలనీ అందులో ఉంది. అరిష్టశబ్దానికి వేప అని అర్థం చెప్పుకొంటే, ఈ అయిదింటిలో వేప, శిరీషం రెండూ సీమకు సహజమైనవి. ఒకటి చైత్రంలో, మరొకటి వైశాఖజ్యేష్ఠాల్లో పూస్తుంది. అదే గ్రంథంలో దకార్గలాధ్యాయం చెట్లనూ పుట్టలనూ బట్టి భూగర్భజలాన్ని గుర్తించే విధానాన్ని చెబుతుంది. కుసుమలతాధ్యాయం ఏ చెట్టు బాగా పూస్తే ఏ పంట బాగా పండుతుందో ఊహిస్తుంది. ఆ ఫలితాలు నేడు పరీక్షకు నిలుస్తాయా లేదా అన్నది వేరు విషయం. పూతను కంటికింపుగా మాత్రమే చూడక, రాబోయే ఏడాదికి సూచనగా చూసిన దృష్టి మెట్టసీమ రైతుకు కొత్తది కాదు.

సురపాలుని వృక్షాయుర్వేదాన్ని ఉస్మానియా విశ్వవిద్యాలయ సంస్కృతాచార్యులు నళినీ సాధలే ఆంగ్లంలోకి అనువదించగా 1996లో సికింద్రాబాదునుండి ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ ప్రకటించింది. వృక్షశాస్త్రజ్ఞులకు మూలభాష తెలియదు, భాషాపండితులకు మొక్క తెలియదు అన్న చిక్కును ఇటువంటి కృషి మాత్రమే విడదీయగలదు.

తెలుగులో పూలతోటను కావ్యనామంలోనే నిలిపిన గ్రంథం ఆముక్తమాల్యద. 1509 నుండి 1529 వరకు ఏలిన శ్రీకృష్ణదేవరాయల ఈ కృతిలో విష్ణుచిత్తుడు తోట పెంచి, మాలలు కట్టి స్వామికి సమర్పిస్తాడు. గోదాదేవి ధరించి విడిచిన మాల అన్న అర్థమే కావ్యానికి పేరైంది. ఆ కావ్యంలోని గ్రీష్మవర్ణన ప్రసిద్ధం. విజయనగర రాజులకు పెనుకొండ రెండవ నెలవు, 1565 తర్వాత రాజధాని. అక్కడి ఎండ తెలిసిన పాఠకునికి ఆ గ్రీష్మవర్ణన ఊహామాత్రంగా తోచదు.

శీతభీరువు

మల్లె ఈ సీమ వేసవికి అధిదేవత వంటిది. అమరకోశంలో మల్లికకు చెప్పిన పర్యాయపదాల్లో 'శీతభీరువు' ఒకటి. చలికి భయపడేది అని అర్థం. తెలుగునాట గురుబాలప్రబోధిక తోడుగా అమరం వల్లించిన వారందరికీ ఈ పదం నోటికి వచ్చినదే. దాని ఔచిత్యం తెలియాలంటే పెరట్లో ఒక ఏడాది మల్లెపొదను గమనించాలి. మార్గశిర పుష్యాల్లో పొద ముడుచుకొని ఉంటుంది, మొగ్గ కనిపించదు. ఫాల్గుణం ముదిరి ఎండ తగలగానే చిగురిస్తుంది. చైత్రం నుండి ఆషాఢం వరకు పూస్తుంది. పేరులోనే ఋతువు ఉంది.

ఇదే న్యాయం ఇతర నామాలకూ వర్తిస్తుంది. కుందానికి 'మాఘ్యం' అని పేరు, మాఘంలో పూచేది. తెలుగులో ఇది మొల్ల. రామాయణ కవయిత్రి పేరు ఈ పువ్వుదే. అతిముక్తానికి 'వాసంతి', 'మాధవీలత' అని పేర్లు. ఒకటి ఋతువును, మరొకటి వైశాఖమాసాన్ని చెబుతాయి. వసంతానికే 'పుష్పసమయం' అని పర్యాయం. నామలింగానుశాసనాన్ని కంఠస్థం చేయించేటప్పుడు ఈ శబ్దాలను మాసక్రమంలో అమర్చి చెబితే అది పూలపంచాంగంగా కనిపిస్తుంది.

మల్లె పెంపకంలో సీమ వాతావరణానికి అనుకూలమైన రహస్యమొకటి ఉంది. మంచిపూత కోరేవారు నవంబరు, డిసెంబరు నెలల్లో పొదకు నీరు ఆపుతారు. ఆకు రాలిన తరువాత, లేదా ఆకు దూసి, కొమ్మలను నేలకు మూరెడు ఎత్తున కత్తిరిస్తారు. కొద్దికాలం అట్లా ఉంచి, మొదలు గుల్లచేసి, ఎరువు వేసి నీరు పెడతారు. అప్పుడు వచ్చే కొత్తరెమ్మల కొసలలో మొగ్గ కడుతుంది. పాతకొమ్మకు పూత తక్కువ. కాబట్టి నీటి ఎద్దడి ఈ పువ్వుకు కేవలం శత్రువు కాదు. తగిన కాలంలో కలిగిన ఎద్దడి పూతకు కారణం. ఏటా ఎండిన కాలాన్ని సీమ తనంతట తానే సమకూరుస్తుంది. తరువాత ఇవ్వవలసిన కొద్దినీరు మాత్రం మనిషి ఇవ్వాలి.

మల్లెమొగ్గను తెల్లవారుజామున కోస్తారు. అప్పుడది మూసుకొని ఉంటుంది. సాయంకాలానికి విచ్చుకొని పరిమళిస్తుంది. కావ్యాల్లో మల్లిక గ్రీష్మసాయంతనంతో, వెన్నెలతో ముడిపడి ఉండడానికి కారణం ఇదే. మధ్యాహ్నపు మల్లెను ఏ మంచి కవీ పరిమళింపజేయడు. కదిరి మల్లెలకు పేరు పొందిన ఊరు. ఫాల్గుణంలో అక్కడ జరిగే లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాల నాటికి మల్లె మొదటి పూతకు సిద్ధమవుతుంది. అక్కడి ఉత్సవమూర్తికి వసంతవల్లభుడని పేరుండడం ఈ సందర్భంలో స్మరించదగినది. ఊరిపేరుకు ఖదిరవృక్షం, అంటే చండ్ర, మూలమని చెప్పుకొంటారు. ఎండకు ఓర్చే చెట్టు పేరిట వెలసిన ఊరు మల్లెకు ప్రసిద్ధి కావడం సీమ స్వభావాన్ని చక్కగా తెలుపుతుంది.

పేర్ల చిక్కు

మల్లె విషయంలో సందేహం లేకపోయినా జాజుల విషయంలో ఉంది. జాతి, మాలతి అమరంలో పర్యాయాలు, తెలుగులో జాజి. సన్నజాజి, విరజాజి, అడవిమొల్ల అన్న పేర్లు ఊరూరా మారుతాయి. ఒక ఊరి సన్నజాజి మరొక ఊరి విరజాజి. అందువల్ల యూథికకు తెలుగుమాట చెప్పేటప్పుడు పేరుతో ఆగక ఆకు, రేకు, పూచే కాలం చెప్పడం మేలు.

రాజశేఖరుడు కావ్యమీమాంసలో కవిసమయాలను వివరిస్తూ, లోకంలో ఉన్నప్పటికీ కవులు వర్ణించనివాటిలో వసంతంలోని మాలతిని చేర్చాడు. దీనిని శుష్కనియమంగా చెప్పుకోవడం వాడుక. పెరట్లో చూస్తే దీని యుక్తి తెలుస్తుంది. నీరు పెట్టిన జాజి వసంతంలోనూ అక్కడక్కడ పూస్తుంది. కనుక లోకంలో ఉన్నమాట నిజం. కాని దాని నిండుపూత వానాకాలం నుండి శరత్తు వరకు. నాలుగు పువ్వులు చూసి వసంతానికి మాలతిని అంటగడితే ఋతువుల గుర్తింపు చెదురుతుంది. కవిసమయం అంటే లోకజ్ఞానం లేకపోవడం కాదు. లోకాన్ని బాగా చూసి, ఏది ముఖ్యమో ఏర్పరచిన కట్టుబాటు.

అశోకం విషయంలో పొరపాటు మరింత వ్యాపించింది. పాఠశాలల ప్రాకారాల వెంట నిటారుగా పెరిగే పొడవాటి చెట్టును అశోకమని చూపడం పరిపాటి. దాని పువ్వు లేతాకుపచ్చ, కంటికి ఆనదు. అటువంటి చెట్టును చూసిన విద్యార్థికి కుమారసంభవంలో అకాలవసంతం రాగానే అశోకం బోదెనుండే పూచిందన్న వర్ణన గాని, మాళవికాగ్నిమిత్రంలో మాళవిక పాదతాడనంతో దోహదం జరగడం గాని అర్థం కావు. అసలు అశోకం ఎఱ్ఱని గుత్తులు పూచే వేరొక చెట్టు, తేమగల అడవులది, సీమ పెరటిలో కష్టంమీదగాని బ్రతకదు. అది ఇక్కడ లేదని చెప్పడం కూడా పాఠంలో భాగమే.

కర్ణికారం మరొక సమస్య. రంగు ఉండి వాసన లేదని కాళిదాసు కుమారసంభవంలో దానిని గూర్చి చింతించాడు. కొందరు దీనిని రేల అన్నారు. మరికొందరు కనకచంపకమన్నారు. అమరుడు రేలకు ఆరగ్వధం, రాజవృక్షం, కృతమాలం మొదలైన పేర్లు ఒకచోట చెప్పి, కర్ణికారాన్ని మరొకచోట చెప్పాడు. కనుక రేల పక్షానికి బాధ కలుగుతుంది. కనకచంపకం గాఢమైన పరిమళం గలది. కనుక కాళిదాసు మాటతో ఆ పక్షానికి బాధ కలుగుతుంది. ఏ పక్షం గ్రహించినా రెండు పూలనూ వాసన చూసిన తర్వాతనే గ్రహించాలి. వైశాఖంలో రేల సీమ వీధుల్లో సులభంగా దొరుకుతుంది.

ఇక పెరట్లో ఉండి ప్రాచీనకోశంలో లేనివి కొన్ని. కాగితంపూలు, దేవగన్నేరు, పచ్చగన్నేరు, బంతి అమెరికా ఖండాలనుండి, తురాయి, బిళ్లగన్నేరు మడగాస్కరునుండి వచ్చాయి. వీటిలో చాలావాటికి తెలుగువారు ఉన్న పేరుకే విశేషణం చేర్చి పెట్టుకొన్నారు. గన్నేరు అన్న ఒక్క పేరు కింద కరవీరం, దానితోపాటు మూడు విదేశీమొక్కలు చేరిన తీరు పదనిర్మాణం బోధించేవారికి పనికివచ్చే ఉదాహరణ. ఇవన్నీ ఎండకు ఓర్చేవే కావడం వల్ల సీమలో స్థిరపడ్డాయి. దేవగన్నేరు తన లావుపాటి కొమ్మల్లో నీరు నిలుపుకొని, ఆకులేకుండానే వేసవిలో పూస్తుంది.

ఆలవాలం

అభిజ్ఞానశాకుంతలం గ్రీష్మంలో మొదలవుతుంది. ప్రస్తావనలో పాటలపరిమళం, శిరీషకర్ణపూరం ఆ ఋతువును స్థాపిస్తాయి. ప్రథమాంకంలో శకుంతల, చెలికత్తెలు కడవలతో నీరు మోసి మొక్కల ఆలవాలాల్లో పోస్తుంటారు. మామిడిని అల్లుకొన్న నవమాలికకు వనజ్యోత్స్న అని పేరు పెట్టుకొన్నారు. ఆలవాలం అంటే పాదు. గ్రీష్మంలో చేతితో మోసి పాదులో పోయడం ఈ దృశ్యానికి జీవం. చతుర్థాంకంలో కణ్వుడు తపోవనతరువులతో, మీకు నీరు పోయకముందు తాను త్రాగనిది ఈమె అని చెబుతాడు.

నీటికొరత లేనిచోట ఈ మాట సౌకుమార్యవర్ణనగా వినిపిస్తుంది. బిందెలు వరుసపెట్టి నీటికై ఎదురుచూసే ఊళ్లో, మే నెలలో, అది త్యాగవర్ణనగా వినిపిస్తుంది. త్రాగవలసిన నీటిలోనుండి మొక్కకు వాటా తీయడం అంటే ఏమిటో సీమ విద్యార్థికి చెప్పనక్కరలేదు. ఈ శ్లోకాన్ని ఆ అనుభవంతో కలిపి బోధించగల అవకాశం ఇక్కడి ఉపాధ్యాయునికే ఉంది.

అయితే సీమ గృహిణి మొక్కకు పోసేది త్రాగునీరు కాదు. ఒకసారి వాడిన నీరు. బావి లేని తోటకు కేంద్రం ఇదే. స్నానాలగదినుండి నీరు బయటికి పారేచోట మల్లె, దాని పక్కన అరటి, ఆ పైన నందివర్ధనం ఉండడం యాదృచ్ఛికం కాదు. మనిషికి ఒక బకెట్టు, అనగా 15 లీటర్లు లెక్కకట్టినా నలుగురున్న ఇంట్లో రోజుకు 60 లీటర్లు. బియ్యం, కూరగాయలు కడిగిన నీరు అదనం. నాలుగైదు పొదలకు ఇది చాలు. చేయవలసినదల్లా ఆ నీటిని ఒకేచోట మడుగు కట్టనీయకుండా చిన్న కాలువతో రోజుకొక పాదుకు మళ్లించడం.

ఇందులో మెలకువలు కొన్ని ఉన్నాయి. బట్టలు ఉతికిన సబ్బునీరు మల్లెకు మంచిది కాదు. అందులోని క్షారం నేలలో పేరుకొంటుంది. గొట్టపుబావుల నీరు సైతం పలుచోట్ల క్షారగుణం గలదే. అటువంటి నేలలో మల్లెకు ఇనుము అందక, ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపుబారుతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపి ఆకులపై చల్లడం దీనికి తెలిసిన చికిత్స. ఉతికిన నీటిని గన్నేరుకు, కాగితంపూల మొదటికి మళ్లించవచ్చు. పాదులో వేరుశనగ పొట్టు నాలుగు వేళ్ల మందాన పరిస్తే నేల తేమ త్వరగా ఆరదు. ఈ సీమలో పొట్టుకు కొదవలేదు. మొక్కపక్కన మట్టికుండను మెడవరకు పాతి నీరు నింపి మూత పెడితే, కుండ గోడల ద్వారా తేమ మెల్లగా వేళ్లకు చేరుతుంది. కొత్తగా నాటిన చెట్లకు గ్రీష్మంలో సాయం ప్రాతఃకాలాల్లో నీరు పోయాలన్న వరాహమిహిరుని విధి కూడా ఇందుకు అనుకూలమే. ఎండవేళ పోసిన నీరు ఆవిరికే పోతుంది.

వానకాలపు నీటిని పెరట్లోనే ఇంకించడం అన్నిటికంటె ముఖ్యం. 50 చదరపు మీటర్ల మిద్దెపై ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే లెక్కప్రకారం 27,500 లీటర్లు. అందులో సగం ఇంకినా చైత్రంలో వేప, కానుగ, దిరిసెన వేళ్లకు అది అందుతుంది. శరత్తులో ఇంకిన వాన వసంతంలో పువ్వై వెలువడుతుంది.

పాఠంగా పెరడు

ఈ పరిశీలనను అనుసరించి ఫాల్గుణం నుండి జ్యేష్ఠం వరకు విద్యార్థులచేత ఒక పుష్పపత్రిక వ్రాయించవచ్చు. పూచిన తేది, తిథి, విచ్చుకొన్న వేళ, రంగు, వాసన, నీరు పెట్టినదా లేనిదా అన్న అంశాలు నమోదు చేస్తే చాలు. ప్రక్కన ఊరివాడుక పేరు, అమరంలోని పేరు, కావ్యప్రయోగం ఉండాలి. నాలుగైదు కళాశాలలు ఏటా ఈ పని చేస్తే పదేళ్లలో సీమకు చెందిన పుష్పనామకోశం సిద్ధమవుతుంది. ఇంటిలోని స్త్రీలే ఇందులో ప్రధాన ఆకరాలు. ఏ జాజి ఏ నెలలో పూస్తుందో, ఏ నీరు ఏ మొక్కకు పనికిరాదో వారికి తెలిసినంతగా గ్రంథాలకు తెలియదు.

ఈ పనికి ఆలస్యం తగదు. కొత్త ఇళ్లలో పెరడు ఉండడం లేదు. పాత ఇళ్లలో పెరటికి సిమెంటు పరుస్తున్నారు. వాడిన నీరు మురుగుకాలువకు పోతున్నది, వాన వీధిలోకి పోతున్నది. పువ్వు అంగడిలో మూరలెక్కన దొరుకుతుంది గనుక కొరత కనిపించదు. అయితే దండలో కొన్న మల్లెకు పొద లేదు, పాదు లేదు, శీతభీరుత్వం లేదు. మొక్క పెరట్లోనుండి పోయిన ఇంటివారికి ఆ మాట కూడా మెల్లగా 'పుష్పవిశేషము'గా మారుతుంది. స్నానపు నీటితో బ్రతికే ఒక్క మల్లెపొదను కళాశాల ఆవరణలో నాటుకొంటే, మల్లికాశబ్దానికి అర్థం చెప్పవలసి వచ్చిన రోజున ఉపాధ్యాయుడు నిఘంటువుతోపాటు ఆ పొదనూ చూపగలడు.